తెర మీద చేప సరే, గాలానికి ఏం గుచ్చాలి?

ఈ నెల ఉత్తరాల్లో ఫిష్ ఫైండర్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి చేపల్ని తెర మీద చూపించే సోనార్ పెట్టె, గురించిన ప్రశ్నలే ఎక్కువ. ఒకదానికొకటి అతుక్కున్నవి కాబట్టి అన్నిటికీ ఒకేచోట జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా మేనమామ టెక్సాస్‌లో ఉంటారు. అక్కడ క్రాపీ అనే చేపను సోనార్ తెర మీద చూస్తూ, చిటికెన వేలి గోరంత సీసం తలకాయ ఉన్న జిగ్ అనే కృత్రిమ ఎరతో పడతారట. మొన్న వచ్చినప్పుడు నాకో చిన్న ఫిష్ ఫైండరు, పాతిక జిగ్‌లు ఇచ్చి వెళ్లారు. మడ్డువలస రిజర్వాయరులో రెండు ఆదివారాలు కూర్చున్నాను. తెర నిండా చేపలే, గాలానికి మాత్రం ఒక్కటీ తగల్లేదు. జిగ్ తీసేసి బతికున్న చిన్న పరిగె చేపలు గుచ్చితే పడతాయా?
— ఒక పాఠకుడు, రాజాం

జవాబు: పరిగె గుచ్చినా వాటిలో చాలావరకు పడవు. తప్పు జిగ్‌ది కాదు, మీదీ కాదు. తెర చేప ఉందని చెబుతుంది, ఏ చేపో చెప్పదు. మన రిజర్వాయర్లలో మధ్య నీటిలో పెద్ద పెద్ద విల్లుల్లా కనిపించేవి ఎక్కువగా బొచ్చెలు, శీలావతులు. బొచ్చె పైనీటిలో, నడినీటిలో తిరుగుతూ కంటికి ఆనని జీవాలను జల్లెడ పట్టినట్టు వడగట్టుకు తింటుంది. శీలావతికి నాచు, మొక్కల పదార్థం కావాలి. వాటి ముందు పరిగె ఈదినా, జిగ్ ఆడినా పట్టించుకోవు. వాటికి తవుడు, వేరుశనగ చెక్క కలిపిన పిండి ఎరే సరైనది. తవుడు రెండు పాళ్లు, నానబెట్టిన చెక్క పొడి ఒక పాలు, ముద్ద నిలవడానికి కొంచెం మైదా. ముద్ద నీళ్లలో పావుగంటలో విడిపోవాలి. అంతకంటే గట్టిగా ఉంటే వాసన పారదు.

మీ మేనమామ గారి పద్ధతి అక్కడ నడవడానికి కారణం ఉంది. క్రాపీ వేటాడే చేప. నీట మునిగిన చెట్ల కొమ్మల్లో కొమ్మకు కాసిన కాయల్లా గుంపుగా వేలాడుతుంది. ఆ ఆకారం చూసి అది క్రాపీయేనని అక్కడివాళ్లు గుర్తుపడతారు, దాని నోటికి తగ్గ ఎర దించుతారు. మీరు కూడా ముందు వేటాడే చేప ఎక్కడుందో వెతకండి. మడ్డువలసలో అది వాలుగ. పాత గెడ్డ దారి ఇంకా అడుగున లోతుగా ఉంటుంది. తెర మీద అడుగు గీత ఒక్కసారిగా బారెడు కిందికి దిగే చోటు ఆ గెడ్డ అంచు. అక్కడ అడుగుకు అంటుకున్నట్టు, మందంగా, విడివిడిగా కనిపించే గుర్తులుంటే బతికున్న ఎర వేయండి. వాలుగ చీకట్లో తిరుగుతుంది కాబట్టి పొద్దు గూకాక, మళ్లీ తెల్లారకముందు కూర్చోవాలి. మిట్టమధ్యాహ్నం తెర చూస్తూ కూర్చుంటే కళ్లు నొప్పి తప్ప ఇంకేమీ రాదు.

ఇక జిగ్గా, బతికున్న ఎరా అన్నది నీటిని బట్టి తేలుతుంది. తెల్లటి పింగాణీ పళ్లేన్ని తాడు కట్టి దించండి. జానెడు లోతులోనే మాయమైతే అది బురద నీరు. వానాకాలం మడ్డువలసకు నీరిచ్చే సువర్ణముఖికి కొత్తనీరు వచ్చినప్పుడు అలాగే ఉంటుంది. అప్పుడు చేప కంటితో కాదు, వాసనతో, ఒంటికి తగిలే కదలికతో వెతుక్కుంటుంది. బతికున్న ఎరదే పైచేయి. పళ్లెం రెండు మూరల వరకు కనిపిస్తే జిగ్‌తో ఎక్కువ నీరు తొందరగా గాలించవచ్చు. మధ్యస్థంగా ఉంటే జిగ్‌కే చిన్న పరిగెను పెదవి దగ్గర గుచ్చి వేయండి. మెరుపూ వాసనా రెండూ దొరుకుతాయి.

రిజర్వాయరులో చేపల హక్కు మత్స్యకారుల సొసైటీది. వాళ్లు చేపపిల్లల్ని వదిలి పెంచుకున్నవి అవి. ముందు వాళ్లనడిగి, వాళ్లు చెప్పిన చోటే కూర్చోండి.

ప్రశ్న: తాటిపూడిలో తెరమీద 7 మీటర్ల దగ్గర చేపలు కనిపించాయి. తంగూసు కొలిచి ఆరున్నర మీటర్లకు ఎర దించాను. గంట కూర్చున్నా కదలిక లేదు. చేప కన్నా ఎర పైనే ఉంది కదా?
— ఒక పాఠకుడు, గంట్యాడ

జవాబు: మీ ఎర చేప కన్నా కిందే ఉండి ఉండవచ్చు. ఇక్కడ చాలామంది పొరబడతారు కాబట్టి కొంచెం విడమరచి చెబుతాం.

ఫైండరు కింది భాగం, అంటే నీళ్లలో ముంచే ట్రాన్స్‌డ్యూసరు, శబ్దాన్ని సన్నటి దారంలా పంపదు, బోర్లించిన గరాటులా పంపుతుంది. చవక రకాల్లో రెండు గరాటులుంటాయి. 200 కిలోహెర్ట్జ్‌ది సుమారు 20 డిగ్రీల ఇరుకు గరాటు, 83 కిలోహెర్ట్జ్‌ది సుమారు 60 డిగ్రీల వెడల్పు గరాటు. 6 మీటర్ల లోతులో ఇరుకుదాని వెడల్పు 2 మీటర్లు, వెడల్పుదానిది దాదాపు 7 మీటర్లు. పెట్టె కొలిచేది లోతు కాదు, ట్రాన్స్‌డ్యూసరు నుంచి చేప దాకా ఉన్న దూరం. చేప గరాటు అంచున ఉంటే ఆ దూరం ఏటవాలు దూరం. 60 డిగ్రీల గరాటు అంచున 6 మీటర్ల లోతులో ఉన్న చేప తెర మీద దాదాపు 7 మీటర్ల దగ్గర కనిపిస్తుంది. మీరు ఆరున్నర దగ్గర దించారు. అంటే ఎర చేపకు అరమీటరు కింద, పైగా మూడు మీటర్లకు పైగా పక్కన ఉంది.

కాబట్టి వెతకడానికి వెడల్పు గరాటు, ఎర దించడానికి ఇరుకు గరాటు. ఇరుకుదాంట్లో చూసినప్పుడు మీ ఎర కూడా తెర మీద సన్నటి గీతగా దిగుతూ కనిపించాలి. కనిపించలేదంటే తంగూసు గాలికో వాలుకో పక్కకు పోతోంది. 6 మీటర్ల తంగూసు 30 డిగ్రీలు వంగితే ఎర 3 మీటర్లు పక్కకు జరుగుతుంది, ఇరుకు గరాటు దాటిపోతుంది. అప్పుడు సీసం బరువు పెంచండి, లేదా పడవకు ముందొక రాయి, వెనకొక రాయి వేసి కదలకుండా కట్టండి. ఒక్క రాయితో కడితే పడవ గడియారం ముల్లులా తిరుగుతూనే ఉంటుంది.

ఎర ఎప్పుడూ చేప కన్నా మూరెడు పైన నిలవాలి. వేటాడే చేపల్లో చాలావాటికి చూపు ముందుకూ పైకీ సాగుతుంది, తమ కింద ఉన్నదాన్ని గమనించవు.

తెర చదవడంలో మరో రెండు మాటలు. కుడి అంచున ఉన్నదే ఇప్పటిది. ఎడమవైపున్నదంతా గడిచిపోయింది. అక్కడ చేప కనిపించింది కదా అని ఎర విసిరితే, అది వెళ్లిపోయాక విసిరినట్టు. పడవ నిలిచి ఉంటే చేప విల్లులా రాదు, అడ్డగీతలా వస్తుంది. విల్లు రావాలంటే పడవో చేపో కదలాలి. చేప బొమ్మలు చూపించే సదుపాయాన్ని మాత్రం ఆపేయండి. కొమ్మకూ గాలిబుడగకూ కూడా అది చేప బొమ్మే వేస్తుంది.

ఎండాకాలంలో అయితే నడినీటిలో పొగలా మసగ్గా ఒక పట్టీ కనిపించవచ్చు. పైనున్న వేడినీరు, కిందనున్న చల్లనీరు కలవకుండా విడిపోయిన చోటది. ఆ పట్టీ కింద ప్రాణవాయువు తక్కువ, చేపలు నిలవవు. ఎర ఆ పట్టీకి పైనే ఉండాలి. గాలి బాగా వీచే, లోతు లేని నీటిలో ఈ పట్టీ ఏర్పడదు.

ప్రశ్న: సంక్రాంతి అయ్యాక అమ్మాయి దగ్గరకు డాలస్ వెళ్తున్నాం. మూడు నెలలుంటాం. మా అల్లుడి గారికి పడవ, లైవ్ సోనార్ ఉన్నాయి. ఇద్దరికీ పందెం పడింది. ఆయన జిగ్ అంటారు, నేను బతికున్న ఎర అంటాను. క్రాపీకి ఏది మేలు?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీరు దిగేసరికి చలి. అప్పటికి మీ మాట చెల్లుతుంది. మార్చి వచ్చేసరికి అల్లుడి గారిది.

క్రాపీలు రెండు జాతులు, తెల్లవీ నల్లవీ. రెండింటికీ కళ్లు పైకి చూస్తాయి, నోటి పక్క చర్మం కాగితమంత పల్చన. గట్టిగా లాగితే చిరిగి చేప జారిపోతుంది. అందుకే మనం వాలుగను లాగినట్టు లాగకూడదు. మణికట్టు పైకెత్తితే చాలు, తర్వాత తంగూసు వదులు కాకుండా చూసుకుంటూ చిన్న వలతో ఎత్తాలి. తంగూసు 4 నుంచి 8 పౌండ్లది, కర్ర మెత్తనిది.

నీరు 10 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉన్నప్పుడు చేప ఒళ్లు మందగిస్తుంది, వెంటపడి తరమదు. కదలకుండా ఒకేచోట తనంతట తాను కొట్టుకునే చిట్టి చేప అప్పుడు గెలుస్తుంది. సన్నకమ్మి గాలం 4 లేదా 6 నంబరుది తీసుకోండి. అది కొమ్మకు తట్టుకున్నా లాగితే నిటారై ఊడి వస్తుంది. ఎరను రెండు పెదవుల గుండా కిందినుంచి పైకి గుచ్చితే పడవ కదిలేటప్పుడు బాగుంటుంది. ఒకేచోట నిలిచి వేస్తే వెన్నురెక్క కింద, వెన్నెముక తగలకుండా గుచ్చండి.

నీరు సుమారు 16 నుంచి 20 డిగ్రీలకు చేరితే క్రాపీలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. అప్పుడు జిగ్ చాలు, ఎర మార్చే పని లేదు కాబట్టి చేయి తొందరగా సాగుతుంది. బరువులు అక్కడ ఔన్సుల్లో చెబుతారు. ముప్ఫైరెండో వంతు అంటే 0.9 గ్రాము, పదహారో వంతు 1.8 గ్రాములు, ఎనిమిదో వంతు 3.5 గ్రాములు. రెండు మీటర్ల లోపు నీటికి మొదటిది, మామూలుగా రెండోది, గాలి ఉన్నా లోతెక్కువైనా మూడోది. అవసరానికి మించి బరువు పెడితే జిగ్ చేప ముందునుంచి రాయిలా పడిపోతుంది. క్రాపీ దాని వెనక కిందికి దిగదు.

లైవ్ సోనార్ సంగతి. గార్మిన్ కంపెనీ లైవ్‌స్కోప్ 2018లో వచ్చింది. ఆ తర్వాత మిగతా కంపెనీలూ తెచ్చాయి. మామూలు ఫైండరు పడవ కింద గడిచినది చూపిస్తే, ఇది పడవ ముందున్నదాన్ని అప్పటికప్పుడు కదిలే బొమ్మగా చూపిస్తుంది. జిగ్ దిగడం, చేప దానివైపు తల తిప్పడం కూడా కనిపిస్తాయి. దీంతో జిగ్‌కు బలం పెరిగిన మాట నిజం. ఎక్కడ నిలపాలో అంగుళాలతో సహా తెలిసినప్పుడు, వాసనతో చేపను రప్పించే ఎర అవసరం తగ్గింది. కానీ తెర చూస్తున్నవాళ్లు చేసే తప్పు కూడా ఒకటే. చేప దగ్గరికి రాగానే ఆత్రంగా జిగ్‌ను ఆడిస్తారు. చేప బెదిరి వెనక్కి పోతుంది. చేప పైకి లేచిందని చూడగానే చేయి కదలనివ్వకండి. అది ఆగిపోతే జిగ్‌ను జానెడు పైకి, మెల్లగా, తప్పించుకు పోతున్నట్టు ఎత్తండి. కిందికి మాత్రం దించొద్దు. అయినా పట్టకుండా చూసి పోతుంటే, అప్పుడు జిగ్‌కు చిట్టి చేప తగిలించండి. మామాఅల్లుళ్ల పందెం అక్కడ రాజీకొస్తుంది.

చుట్టపుచూపుగా వెళ్లినవారు కూడా టెక్సాస్‌లో చేపలు పట్టడానికి లైసెన్సు కొనుక్కోవాలి. క్రాపీ మామూలుగా రోజుకు మనిషికి 25, పొడవు 10 అంగుళాలకు తగ్గకూడదు. కొన్ని చెరువులకు వేరే లెక్కలున్నాయి, ముందే చూసుకోండి. 10 మీటర్లు, అంతకన్నా లోతు నుంచి లాగిన చేపకు పొట్టలోని గాలితిత్తి ఉబ్బుతుంది. వదిలినా చాలావరకు బతకదు. తెరమీద అంత లోతులో కనిపిస్తే, తినేటన్ని పట్టి ఆపేయడమే న్యాయం.

ప్రశ్న: కళింగపట్నంలో మాది ఫైబర్ తెప్ప. తెప్ప అడుగున లోపలివైపు ట్రాన్స్‌డ్యూసరు అతికిస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. అతికించాం. తెర ఖాళీ. పెట్టె పాడైందా?
— ఒక పాఠకుడు, గార మండలం

జవాబు: పెట్టె బాగానే ఉండి ఉంటుంది. లోపల అతికించడం గట్టి ఫైబరు పలక ఒక్కటే ఉన్న పడవలకు పనికొస్తుంది. మన తెప్పల్లో రెండు పొరల మధ్య ఫోమ్ నింపుతారు. అందులో ఉన్నదంతా గాలే. శబ్దం గాలి తగలగానే వెనక్కి తిరుగుతుంది, నీటిని చేరదు. చెక్క పడవలకూ ఇదే ఇబ్బంది.

ఇనుప గొట్టమో వెదురు గడో తీసుకుని కొసకు ట్రాన్స్‌డ్యూసరు బిగించి, తెప్ప అంచుకు బిగింపు పెట్టి నిలువుగా దించండి. నీటిమట్టానికి జానెడు కింద, తెప్ప అడుగు కన్నా కాస్త దిగువగా, ముఖం సరిగ్గా కిందికి ఉండాలి. ఇంజను పంకా దగ్గర పెట్టొద్దు. బుడగలు కమ్మి తెరంతా వాన పడ్డట్టు చుక్కలు వస్తాయి. కెరటాలు విరిగే చోట కూడా అంతే. దాటి లోపలికి వెళ్లాకే తెర నమ్మండి.

కరెంటుకు 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ చాలు. చిన్న పెట్టె అర ఆంపియరు తింటే లెక్కకు 14 గంటలు రావాలి. కానీ సీసం బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు పోతుంది, కాబట్టి 7 గంటలే అనుకోండి. ఎర్ర తీగకు బ్యాటరీ పక్కనే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఇంజను బ్యాటరీకే తగిలిస్తే తెర మీద అడ్డదిడ్డంగా గీతలొస్తాయి. విడి బ్యాటరీయే మంచిది. ఉప్పునీటి నుంచి రాగానే ట్రాన్స్‌డ్యూసరును మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడవండి.

ప్రశ్న: ఉదయం 6 గంటలకు బకెట్లో పోసిన పరిగెలు 10 అయ్యేసరికి వెల్లకిలా తేలుతున్నాయి. నీళ్లు మారుస్తూనే ఉన్నాను.
— ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: ఆ నీళ్లు మార్చడమే చంపుతూ ఉండవచ్చు. కుళాయి నీళ్లయితే క్లోరిన్. చెరువు నీళ్లయినా ఒక్కసారిగా అన్నీ మారిస్తే వేడి తేడాకు తట్టుకోలేవు. పరిగెలు పట్టిన నీళ్లే తెచ్చి, ఎప్పుడు మార్చినా మూడో వంతు మాత్రమే మార్చండి.

మిగిలిన కారణం ప్రాణవాయువు. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల వరకు కరుగుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి 7.6 మాత్రమే. అదే సమయంలో చేపకు ఊపిరి అవసరం పెరుగుతుంది. 20 లీటర్ల బకెట్లో రెండంగుళాల పరిగెలు పాతికకు మించి వద్దు. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి పెట్టండి. మూతబిగించిన సీసాలో ఐసు గడ్డకట్టించి బకెట్లో తేలనివ్వండి, ఐసును నేరుగా వేయొద్దు. లీటరుకు 3 గ్రాముల చొప్పున కల్లుప్పు, అంటే 20 లీటర్లకు 60 గ్రాములు కలిపితే పరిగెలు కుదుటపడతాయి. చచ్చినదాన్ని వెంటనే తీసేయండి. ఒకటి కుళ్లితే మిగతావీ పోతాయి.

ఇంకొకటి. ఎర మిగిలితే వేరే చెరువులో పారబోయొద్దు, రోగాలు అలాగే పాకుతాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లల్ని ఎరగా అసలే వాడొద్దు. మన దేశంలో దాని పెంపకం నిషేధం. ఒక్క జత తప్పించుకుంటే చెరువులో మిగతా చేపల్ని బతకనివ్వదు.

ప్రశ్న: మా ఊరి బందలో గుర్రపుడెక్క నిండిపోయింది. కొర్రమేనుకు ఫైండరు కొనమంటారా?
— ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: వద్దు. బారెడు లోతు లేని నీటిలో, డెక్క వేళ్ల మధ్య తెరకు ఏదీ తెలియదు. కొర్రమేను గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. బుడగ పగిలిన చోటు మీ కళ్లే చూపిస్తాయి. డెక్క మీద జారే రబ్బరు కప్ప వేసి, చేప కొట్టిన వెంటనే లాగకుండా ఒకటి, రెండు అని లెక్కపెట్టి లాగండి. బతికున్న కప్పను గుచ్చకండి. గోదురు కప్పకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు తిరుగుతుంటే, వాటి కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టు. ఆ జంటను పడితే పిల్లలన్నీ మిగతా చేపలకు మేతవుతాయి. వదిలేయండి.

ప్రశ్న: వంశధార మొగలో, అంటే నది సముద్రంలో కలిసేచోట, పండుగప్పకు బతికున్న రొయ్యా, జిగ్గా? రెండుసార్లు పెద్ద చేప తగిలి తంగూసు తెగిపోయింది.
— ఒక పాఠకుడు, శ్రీకూర్మం

జవాబు: పోటు తగ్గి పాటు మొదలయ్యే వేళ, నీరు కాలువల్లోంచి నదిలోకి దిగుతుంటే, కాలువ నోట్లో బతికున్న రొయ్య. నీరు పారడం ఆగినప్పుడు చోటు మారుస్తూ 15 నుంచి 20 గ్రాముల జిగ్. ఫైండరుతో వెతకాల్సింది చేపను కాదు, మునిగిన మానునో, పాత కట్టు రాళ్లనో, అడుగున గుంటనో. పండుగప్ప ఆ నీడలో, వాలు తగలని పక్కన నిలుస్తుంది. ఎర దానికి ఎగువన పడి, నీటితోపాటు దాని ముందుకు రావాలి.

రొయ్యను తల కొమ్ము కింద గుచ్చేటప్పుడు, తల లోపల కనిపించే నల్లమచ్చకు గాలం తగలకూడదు, తగిలితే వెంటనే చస్తుంది. లేదా తోక ముందరి కణుపులో అడ్డంగా గుచ్చండి. గుండ్రంగా లోపలికి వంగిన గాలమైతే చేప పట్టగానే గుంజొద్దు. తంగూసు బిగిసేదాకా ఆగి కర్రను మెల్లగా ఎత్తితే పెదవి మూలలో అదే దిగుతుంది.

తంగూసు తెగడానికి చేప బలం కారణం కాదు. పండుగప్ప మొప్ప రెప్ప అంచు కత్తిలా ఉంటుంది, నోరు లోపల ఆకురాయిలా గరుకు. గాలం ముందు బారెడు పొడవున 40 పౌండ్ల మందపాటి తంగూసు కట్టండి. చేపను ఎత్తేటప్పుడు వేళ్లు మొప్పలో పెట్టకండి. ఈ చేప చిన్నప్పుడు మగది, పెరిగాక ఆడదవుతుంది. బాగా పెద్దది దొరికితే అది గుడ్లు పెట్టే తల్లి, వదిలితే మొగకు మేలు. ప్రతి చేప తర్వాతా గాలం దగ్గరి మూరెడు తంగూసును గోటితో నిమిరి చూడండి. గరుకు తగిలితే ఆ మూరెడూ కోసేసి మళ్లీ ముడి వేయండి.